సగం ధర వెనక సంగతి

2018లో కొత్త తరం బీఎండబ్ల్యూ ఎక్స్3 మన దేశంలో విడుదలైనప్పుడు షోరూం ధర దాదాపు 50 లక్షల దగ్గర మొదలైంది. అదే ఏడాది జనవరిలో వచ్చిన ఆడి క్యూ5 ధర 53 లక్షలు దాటింది. అంతకు నెల ముందు వచ్చిన వోల్వో ఎక్స్‌సీ60 దాదాపు 56 లక్షలు. పన్ను, బీమా కట్టి రోడ్డు మీదికి తెచ్చేసరికి వీటిలో ఏదైనా 60 లక్షలు దాటేది. ఆ బండ్లే ఇవాళ బెంగళూరు, హైదరాబాదు డీలర్ల దగ్గర సగానికన్నా తక్కువకు నిలబడి ఉన్నాయి. కొత్త ఫార్చ్యూనర్‌కు పెట్టే డబ్బుతో ఇలాంటి పాతది ఒకటి కొని, పైన కొన్ని లక్షలు మిగుల్చుకోవచ్చు. తారానగర్ చుట్టుపక్కల లారీ కాంట్రాక్టరుకో, మెషినరీ అద్దెకిచ్చే ఆసామికో ఈ లెక్క ఎంత తియ్యగా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ధరలన్నీ ఒకే కారణంతో తగ్గినవి కావు. ఒక బండి వయసు వల్ల చౌక, ఇంకొకటి వరద నీళ్ళ వల్ల, మరొకటి నంబరు ప్లేటు వల్ల, వేరొకటి గేర్‌బాక్సు వల్ల. కొనేవాడికి ఉన్న అసలు పని ఆ కారణం కనిపెట్టడం. అది దొరికాక బేరం సులువు. దొరకకపోతే ఎంత తక్కువకు వచ్చినా ఆ బండిని వదిలేయడమే మంచిదని నేనంటాను.

తారానగర్ ఉన్నది కర్ణాటకలోని బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో. పక్కన నారిహళ్ళ జలాశయం, దగ్గరలోనే ఎన్‌ఎండీసీ దోణిమలై గనులు, కాస్త అవతల తోరణగల్లు ఉక్కు కర్మాగారం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా బళ్ళారి జిల్లాలో ఎక్కువ భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. చుట్టరికాలు మాత్రం సరిహద్దు గీతకు రెండు పక్కలా ఉండిపోయాయి. పెళ్ళిళ్ళు గుంతకల్లులో, కొలువులు తోరణగల్లులో. బండ్ల బేరాలూ అలాగే గీత దాటి నడుస్తాయి.

పెద్ద కార్ల మోజు ఇక్కడికి ఇనుముతోనే వచ్చింది. చైనా కొనుగోళ్ళతో ఖనిజం ధర ఎగిరిన ఆ ఏళ్ళలో బళ్ళారి వీధుల్లో తిరిగిన విదేశీ బండ్ల గురించి దేశమంతా చెప్పుకుంది. 2011 జులై 27న అక్రమ తవ్వకాల మీద లోకాయుక్త నివేదిక వచ్చింది. రెండు రోజులకు సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపేసింది. అప్పు మీద కొన్న లారీలు ఫైనాన్స్ కంపెనీల యార్డుల్లో చేరాయి. 2013 ఏప్రిల్‌లో కోర్టు కొన్ని షరతులతో, ఏటా ఇంతకు మించి తవ్వకూడదన్న పరిమితితో మళ్ళీ దారి తెరిచింది. అప్పటి మోజుకూ ఇప్పటి మోజుకూ తేడా ఉంది. అప్పుడు కొత్తది నగదుకు కొనేవాళ్ళు. ఇప్పుడు అడిగేది 2018, 2020 మోడళ్ళు, అదీ ఇన్‌స్టాల్‌మెంట్ల మీద.

ధర తగ్గడానికి ఉన్న కారణాల్లో అన్నిటికన్నా న్యాయమైనది వయసు. లగ్జరీ బండి విలువ మొదటి నాలుగైదేళ్ళలో వేగంగా జారుతుంది. కొత్త మోడల్ వస్తే ఇంకాస్త జారుతుంది. 2023 ఆగస్టులో కొత్త మెర్సిడెస్ జీఎల్‌సీ, 2025 జనవరిలో కొత్త ఎక్స్3 వచ్చాక పాత రూపాలకు గిరాకీ తగ్గడం సహజమే. దానికితోడు 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం ఉన్న పన్ను 40 శాతం జీఎస్టీకి దిగింది. కొత్తదాని ధర తగ్గితే పాతదాని ధర కూడా దిగాలి. ఆ తేదీకి ముందున్న ధరలు మనసులో పెట్టుకుని బేరమాడే డీలరుకు ఈ సంగతి గుర్తు చేయడంలో తప్పులేదు. డీలరు దగ్గర కొంటే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, మొత్తం ధర మీద కాదు. బిల్లులో వేరేలా రాస్తే అడగాలి. మామూలు మనిషి తన సొంత బండిని ఇంకొకరికి అమ్మితే జీఎస్టీ మాటే లేదు.

వయసు తర్వాతి కారణం మరమ్మతు భయం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే తారానగర్‌లో ఈ భయానికి బెంగళూరులో ఉన్నదానికంటే ఎక్కువ ఆధారం ఉంది. మొదటి యజమాని వారంటీ తీరబోయే నెలల్లోనే బండిని అమ్మకానికి పెట్టడం మామూలు. అతను లెక్క తెలిసినవాడు. ఆ తర్వాత వచ్చే ఖర్చు 60 లక్షల బండి ఖర్చే. కొన్నది 27 లక్షలకు కదా అని విడిభాగాలు సగం ధరకు రావు.

సండూరు కొండల ఎర్రదుమ్ము మామూలు దుమ్ము కాదు, ఇనుప ఖనిజపు పొడి. మెత్తగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది, ఎక్కడికైనా దూరుతుంది. ఎయిర్ ఫిల్టరు కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగదు. ఫిల్టరు దాటిన గొట్టంలో చిన్న చీలిక ఉన్నా ఆ పొడి నేరుగా టర్బోలోకి పోయి రెక్కలను అరగదీస్తుంది. ఇంటర్‌కూలరు, రేడియేటరు రేకుల మధ్య అట్టకట్టి ఇంజిన్‌ను వేడెక్కిస్తుంది. పనోరమిక్ సన్‌రూఫ్ మూలల్లో నీళ్ళు పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. అవి దుమ్ముతో పూడుకుంటే వాననీరు స్తంభాల్లోంచి కిందికి దిగి కార్పెట్ అడుగున నిలుస్తుంది. ఎలక్ట్రానిక్ పెట్టెలు కొన్ని ఉండేది అక్కడే. తెల్ల రంగు బండి మీద ఇనుప రజను తుప్పు చుక్కలు వేస్తుంది. ఇదే ప్రాంతంలో తిరిగిన బండిని కొంటుంటే బానెట్‌కన్నా ముందు సన్‌రూఫ్ తెరిచి, ఆ మూలల్లో కాసిని నీళ్ళు పోసి చూడాలి. టైరు పక్కన కిందికి కారితే సరే. లోపల కాళ్ళ దగ్గర చేయి పెట్టినప్పుడు తడి తగిలితే, ఆ బండిని తెచ్చినవాడికి నమస్కారం పెట్టి రావచ్చు.

డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనే కాల్చుకోవాలి. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, అంటే పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఓ మోస్తరు వేగంతో నడవాలి. ఖనిజం లారీల వెనక మొదటి గేరులో పాకుతూ తారానగర్ నుంచి తోరణగల్లు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే బండికి ఆ అవకాశం రాదు. లైటు వెలుగుతుంది, మెకానిక్కు ఫిల్టరు తీసేసి లోపల ఖాళీ చేస్తానంటాడు. అది చట్టవిరుద్ధం, పొగ పరీక్షలో తేలవచ్చు కూడా. నెలకు నాలుగైదుసార్లు బెంగళూరుకో హుబ్బళ్ళికో పోయే మనిషికైతే ఇదే డీజిల్ బంగారంలా పనిచేస్తుంది. డీజిలా పెట్రోలా అన్న ప్రశ్నకు జవాబు బండిలో వెతకకూడదు, మన రోజువారీ దారిలో వెతకాలి. పెట్రోలు అంటే ఇంకో మాట: 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన టర్బో పెట్రోలు బండ్లలో చాలావాటిని 10 శాతం ఇథనాలుకు సిద్ధం చేశారు, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం. ఇంధన మూత లోపల కంపెనీ ఏం రాసిందో, మాన్యువల్ ఏమంటుందో చూడటం అవసరం.

గేర్‌బాక్సు ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని షోరూంలో చెప్పడం ఒక ఫ్యాషన్. ఎక్స్3లో ఉండే ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. లక్ష దాటిన బండికి ఈ పని జరిగిన బిల్లు ఉంటే అమ్మేవాడు నిజంగా చూసుకున్నవాడని అర్థం. 2014కు ముందటి ఎక్స్3 20డిలో ఉన్న ఎన్47 ఇంజిన్ టైమింగ్ చైను గొడవ ప్రపంచమంతా ఎరిగినదే. చైను గేర్‌బాక్సు వైపు ఉండటంతో దాన్ని మార్చాలంటే పెద్ద ఆపరేషనే. అంత పాతది వద్దనుకుంటే ఈ చైను సంగతి మర్చిపోవచ్చు. ఎక్స్‌సీ60 ఎయిర్ సస్పెన్షన్ కూర్చున్నవాడికి హాయి, రెండో యజమానికి కాదు: రబ్బరు సంచి పగిలి గాలి పోతుంటుంది, దాన్ని నింపలేక కంప్రెసరు కాలిపోతుంది. రాత్రి ఆపిన బండి తెల్లారి ఒక మూల కుంగి ఉందా అన్నది అందుకే చూడాలి. చూడటానికి వెళ్తే పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళాలి. ‘మీరొస్తారని స్టార్ట్ చేసి పెట్టానన్నా’ అన్నవాడి మర్యాద నాకు అనుమానం.

కిలోమీటర్లు వెనక్కి తిప్పడం పాత విద్యే. డిజిటల్ మీటర్లొచ్చాక అది ఇంకా తేలికైంది, ల్యాప్‌టాప్ చాలు. అయితే ఈ తరం బండ్లు ఆ అంకెను ఒక్కచోటే దాచవు. వేరే కంట్రోల్ యూనిట్లలోనూ, బీఎండబ్ల్యూలైతే తాళంచెవిలోనూ నమోదవుతుంది. అధీకృత సర్వీసు కేంద్రంలో డబ్బు కట్టి స్కాన్ చేయించి, సర్వీసు చరిత్ర తీయించుకుంటే మీటరు అంకెను వాటితో పోల్చవచ్చు. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో మాట పొడిగించడం దండగ.

ఇక సరిహద్దు మనుషులకు ప్రత్యేకమైన కారణం, నంబరు ప్లేటు. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారు మీద జీవితకాలపు పన్ను 18 శాతం, సెస్సు కలిస్తే 20 శాతం దగ్గర. దేశంలో ఇది పెద్ద రేట్లలో ఒకటి. వేరే రాష్ట్రపు పాత బండిని ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయిస్తే వయసును బట్టి ఇందులో తగ్గింపు ఉంటుంది. కానీ లెక్క కట్టేది మీరు కొన్న ధర మీద కాదు, ఆ బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద. 55 లక్షల బండిని మీరు 22 లక్షలకు కొన్నా పన్ను మాత్రం 55 దగ్గరే మొదలవుతుంది. ఢిల్లీ బండి ఇక్కడి బండికన్నా ఐదారు లక్షలు చౌక అన్నప్పుడు, ఆ ఐదారు లక్షలు ఎక్కడికి పోతాయో ఇప్పుడు అర్థమవుతుంది. పాత రాష్ట్రం నుంచి మిగిలిన పన్ను వాపసు కోరే వీలు చాలాచోట్ల ఉంది. అది అడగాల్సింది అక్కడి ఆఫీసులో, రావాల్సింది సాధారణంగా మొదట పన్ను కట్టిన మనిషికి. అమ్మేసిన మనిషి మీకోసం తిరుగుతాడా?

ఢిల్లీ బండ్లు దక్షిణానికి దిగడానికి వేరే కథ ఉంది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదంది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఎనిమిదో ఏడు రాగానే అక్కడి యజమానులు తొందరపడి అమ్మేశారు, మన డీలర్లు ట్రాలీల్లో దింపుకున్నారు. 2025 ఆగస్టులో కోర్టు ఆ యజమానులపై బలవంతపు చర్యలు వద్దంది కాబట్టి ఆ తొందర కాస్త సడలింది. బండి చెడ్డదై చౌక కాలేదు గనక, పన్ను లెక్క పోను ఇంకా మిగిలితే, ఢిల్లీ డీజిల్ చూడదగిందే.

చేయకూడనిది ఒకటుంది. కళ్యాణదుర్గంలోనో గుంతకల్లులోనో బండి కొని, ‘బావా, నీ పేరు మీదే ఉండనీ, ఎవరు చూడొచ్చారు’ అని ఆంధ్ర నంబరుతో ఏళ్ళకేళ్ళు సండూరులో తిప్పడం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి. కర్ణాటక ఒకప్పుడు దాన్ని 30 రోజులకు కుదించబోయింది, 2016లో హైకోర్టు కొట్టేసింది. అంత మాత్రాన ఊరుకోలేదు: 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖ ఒకే ఊపులో 30 లగ్జరీ కార్లను పట్టుకుంది, పన్ను ఎగవేసినవన్న ఆరోపణ మీదే. రవాణా శాఖ సంగతి అలా ఉంచండి. బావ పేరు మీదున్న బండితో ప్రమాదం జరిగితే కోర్టు మెట్లెక్కేది బావ. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: చేతులు ఎన్ని మారినా, రికార్డులో ఎవరి పేరుందో నష్టపరిహారానికి బాధ్యుడు అతనే. చుట్టరికం నిలవాలనుకునేవాళ్ళు ఈ పని చేయకపోవడం మేలు.

దోణిమలైలో ఎన్‌ఎండీసీ లాంటి కేంద్ర సంస్థల ఉద్యోగులు బదిలీ మీద వెళ్తూ అమ్మే బండ్లలో కొన్నిటికి బీహెచ్ నంబరు ఉండవచ్చు. 2021 సెప్టెంబరు నుంచి వచ్చిన ఈ వరుసలో పన్ను రెండేళ్ళకోసారి కడతారు. ఆ అర్హత లేని మీరు కొంటే మామూలు రాష్ట్ర నంబరుకు మార్చి, ఇక్కడి పన్ను కట్టాలి. ఆఫీసరు గారి బండి, ఒక్క చేయి మీద నడిచింది, అన్నీ నిజమే. ఈ పన్ను కూడా కలిపి బేరమాడాలి.

వరద బండ్లను గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే వాటిని దాచడంలో ఆరితేరినవాళ్ళున్నారు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగళూరు ఖరీదైన కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ పూర్తి నష్టంగా డబ్బిచ్చేసి, బండిని వేలంలో అమ్ముతుంది. ఆ వేలంలో కొన్నది శుభ్రం చేసి, రెండు రాష్ట్రాలు దాటించి ‘షోరూం కండిషన్’ అని నిలబెడతారు. సీటు బెల్టును చివరిదాకా లాగితే మట్టిచార కనిపించవచ్చు. సీటు కింది బోల్టులు తుప్పు పట్టి ఉండవచ్చు. డిక్కీ అడుగున బ్యాటరీ ఉండే గుంటలో ఒండ్రు మిగిలి ఉండవచ్చు. వీటన్నిటికన్నా నేను నమ్మేది బీమా కాగితాన్ని. క్లెయిము చేయని ప్రతి ఏడాదికీ నో క్లెయిమ్ బోనస్ 20 శాతం నుంచి మొదలై ఐదేళ్ళకు 50కి చేరుతుంది. ఐదేళ్ళుగా ఒకే యజమాని చేతిలో ఉండి, గీతైనా పడలేదంటున్న బండి పాలసీలో బోనస్ సున్నా ఉంటే, ఏదో జరిగి ఉండవచ్చు. ఏం జరిగిందో అడగాలి, క్లెయిము వివరాలు తెప్పించమనాలి.

అప్పు కట్టకపోతే బ్యాంకులు సీజ్ చేసిన బండ్ల గురించి క్లుప్తంగా. బ్యాంకు వేలంలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతారు. తిరిగి చూడటానికి గంటో రెండు గంటలో, నడిపి చూడటానికి చాలాసార్లు వీలుండదు. చలాన్లు, బకాయిలు మన నెత్తిన పడతాయి. ఇన్‌స్టాల్‌మెంటు కట్టలేనివాడు సర్వీసు మాత్రం సమయానికి చేయించి ఉంటాడని నమ్మడానికి నాకు మనసొప్పదు.

డబ్బిచ్చే రోజు పని చిన్నదే గానీ అక్కడే ఎక్కువమంది జారుతారు. పరివాహన్ సైటులో ఆర్‌సీ, అప్పు నమోదు, చలాన్లు చూసుకోవాలి. అప్పు తీరిందని నోటిమాట కాదు, ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35 ఉండాలి. వేరే రాష్ట్రం నుంచైతే ఫారం 28 మీద ఎన్‌వోసీ, పేరు మార్పుకు 29, 30. డీలరుకు అధీకృత డీలరుగా రిజిస్ట్రేషన్ ఉందా అనీ అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నియమాల్లో బండి తన చేతిలో ఉన్నంతకాలం దానికి బాధ్యుడు అతనే. ఖాళీ ఫారాల మీద ఎవరివో సంతకాలు చూపించి ‘మిగతాది మేం చూసుకుంటాం’ అనే చోట కొనకండి. గనుల ఊళ్ళలో నోట్లకట్టల అలవాటు ఇంకా పోలేదు. ఒక బేరంలో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా; 2017 నుంచి ఆదాయపు పన్ను చట్టం మాట ఇది. ఎక్కువ నగదు అడిగే అమ్మకందారు తన నెత్తినే ప్రమాదం పెట్టుకుంటున్నాడంటే, అతను దాస్తున్నది పన్నొకటే అనుకోవడానికి లేదు. పేరు మారిన 14 రోజుల్లో బీమా కూడా మన పేరుకు మార్పించాలి. అమ్మినవాడి బోనస్ అతనితోనే పోతుంది కాబట్టి ప్రీమియం అతను చెప్పినదానికన్నా ఎక్కువే వస్తుంది.

ఇన్ని చూశాక ఏది కొనాలి? ఆడి క్యూ5 డీజిల్ 2020తో ఆగిపోయింది, 2021 నవంబరులో తిరిగొచ్చింది పెట్రోలుతోనే. అందుకే 2018–19 డీజిల్ క్యూ5లకు గిరాకీ ఉంది, ధరలోనూ ఆ గిరాకీ కనిపిస్తుంది. జీఎల్‌సీలో కూర్చుంటే హాయి, దుమ్ము రోడ్డు మీద దాని టైర్లకు గుండె దడ. ల్యాండ్ రోవర్ డిస్కవరీ స్పోర్ట్ అన్నిటికన్నా చౌకగా దొరకడానికి కారణం దాని మీద మెకానిక్కులకున్న అభిప్రాయమే, నేనూ వాళ్ళ పక్షమే. ఎక్స్3కి ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ గట్టివి; రన్‌ఫ్లాట్ టైర్లకు మాత్రం గుంతల్లో పడితే బుడగలొస్తాయి, ఆ సైజు టైరు సండూరు షాపులో దొరకదు. నాకు అడిగే హక్కుంటే బెంగళూరులో కంపెనీ తనే పరీక్షించి వారంటీతో అమ్మే పాత బండ్ల విభాగంలో, కేఏ నంబరుతో, నాలుగైదేళ్ళ వయసున్న ఎక్స్3 డీజిల్ అడుగుతాను. వాళ్ళ ధర బయటికన్నా ఎక్కువే. ఆ ఎక్కువలో కొంత తిరిగి వచ్చేది, మరమ్మతు పడ్డప్పుడు బండిని ట్రాలీ ఎక్కించి 300 కిలోమీటర్లు పంపే బిల్లు మనది కాకపోవడంలో.

అయినా చాలామంది తారానగర్ వాళ్ళు చివరికి ఫార్చ్యూనరే కొంటారు, వాళ్ళను తప్పుపట్టలేను. 2009 ఆగస్టులో 18 లక్షల 45 వేలకు వచ్చిన ఆ బండి బిడదిలో తయారవుతుంది, విడిభాగం బళ్ళారిలో దొరుకుతుంది, మెకానిక్కు ఇంకా దగ్గరలో దొరుకుతాడు. నడిపితే లారీలా ఉంటుందని లగ్జరీ బండివాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ మాటలో నిజముంది. పాత ఫార్చ్యూనర్ కొంటే మాత్రం ఈ వ్యాసంలో చెప్పిన తగ్గింపు ఆశించవద్దు. ఐదేళ్ళదానికీ అమ్మేవాడు కొండెక్కి కూర్చుంటాడు, అడిగిన రేటుకు పది వేలు తగ్గించడానికి మూడు టీలు తాగిస్తాడు.